జోర్కీ-4లో రెండు బొమ్మలు కలవడం లేదా? స్క్రూ తిప్పే ముందు లెన్స్‌ను పరీక్షించండి

మీ తాతగారి పాత ఫిల్ము కెమెరా జోర్కీ-4లో ఫోకస్ రింగును ఇన్ఫినిటీ (అన్నిటికంటే దూరాన్ని సూచించే గుర్తు) దాకా తిప్పినా దూరాన ఉన్న సెల్ టవర్ రెండుగానే కనిపిస్తోందని, ఆ రెండు బొమ్మలూ పక్కకే కాక పైకీ కిందకీ కూడా తప్పి ఉన్నాయని, కడిగించిన మొదటి రీలులో సగం మసకగా వచ్చాయని, దీన్ని ఇంట్లో సరిచేసుకోవడం సాధ్యమేనా అని అడిగారు. సాధ్యమే. ఈ పనికి కెమెరా పైమూత విప్పవలసిన అవసరం కూడా లేదు. గడియారాలు బాగుచేసేవారు వాడే సన్నని స్క్రూడ్రైవర్లు, చిన్న గాజుముక్క, కొలతల టేపు, ఒక పూట తీరిక ఉంటే చాలు. అయితే ఏ పని ముందు, ఏది తరువాత అన్న క్రమం తప్పితే ఉన్న తేడాకు మరొకటి తోడవుతుంది. నేను అలాగే ఒక రీలు పోగొట్టుకున్నాను.

మా ఇంట్లో ఉన్నదీ ఇదే మోడల్. 1960ల్లో సోవియట్ సహకారంతో హైదరాబాదులో ఐడీపీఎల్ మందుల కర్మాగారం నెలకొన్న రోజుల్లో అక్కడ ఉద్యోగం చేసిన మా పెద్దనాన్నగారు, స్వదేశానికి తిరిగి వెళ్తున్న ఒక రష్యన్ ఇంజనీరు దగ్గర దాన్ని కొన్నారట. మాస్కో దగ్గరి క్రాస్నోగొర్స్క్ కర్మాగారం 1956 నుంచి 1973 వరకు జోర్కీ-4ను తయారుచేసింది. సీరియల్ నంబరులోని మొదటి రెండు అంకెలు తయారైన సంవత్సరాన్ని చెబుతాయి, మాదానిపై 64 అని ఉంది. రష్యన్ భాషలో జోర్కీ అంటే తీక్ష్ణమైన చూపు గలది అని అర్థం. మా చేతికి వచ్చేనాటికి దానికి అన్నీ రెండుగా కనిపిస్తున్నాయి.

లోపల జరిగేది తెలిస్తే పని సులువవుతుంది. కెమెరా ముందువైపు రెండు కిటికీలు ఉంటాయి: ఒకటి మీరు చూసే పెద్దది, రెండవది గుండ్రని చిన్నది. వాటి మధ్య దూరం 38 మిల్లీమీటర్లు. చిన్న కిటికీ గుండా వచ్చిన బొమ్మ లోపలి భాగాల ద్వారా మళ్లి మొదటి బొమ్మ మీద పడుతుంది. లెన్స్ వెనక అంచును తాకుతూ కెమెరా నోటి లోపల ఒక చిన్న లోహపు చేయి ఉంటుంది. లెన్స్ ముందుకూ వెనక్కూ జరిగినప్పుడు ఆ చేయి కదిలి రెండవ బొమ్మను పక్కకు జరుపుతుంది. రెండు బొమ్మలు కలిసిన చోట ఫోకస్ కుదిరిందని చెప్పే ఈ ఏర్పాటునే రేంజ్‌ఫైండర్ అంటారు. కాబట్టి రెండు బొమ్మలు కలవకపోవడానికి కారణం రేంజ్‌ఫైండర్‌లో ఉండవచ్చు, లెన్స్‌లోనూ ఉండవచ్చు. రేంజ్‌ఫైండర్‌ను తప్పుగా ఉన్న లెన్స్‌కు అనుగుణంగా సర్దితే కంటికి బొమ్మలు చక్కగా కలుస్తాయి గానీ ఫిల్ము మీద మాత్రం మసకే మిగులుతుంది.

అందుకే మొదట లెన్స్. ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణంలో అడిగి 35 మిల్లీమీటర్ల కంటే కాస్త తక్కువ వెడల్పున్న గాజుముక్క కోయించుకుని, దాని ఒక వైపు ముడతలు లేకుండా ట్రేసింగ్ పేపరు అతికించండి. కెమెరా అడుగున ఉన్న రెండు తాళాలు తిప్పితే వెనుకమూత అడుగుతో సహా ఊడి వస్తుంది. షట్టరును ముందు లాగి, ఆ తరువాతే వేగాన్ని బి (బటన్ నొక్కినంతసేపూ షట్టరు తెరిచి ఉండే గుర్తు) మీద పెట్టండి. జోర్కీలో లాగకుండా వేగం మారిస్తే లోపలి యంత్రం దెబ్బతింటుంది. లెన్స్‌ను పూర్తిగా తెరిచి, ఇంట్లో ఎవరినైనా బటన్ నొక్కి పట్టుకోమని, ఫిల్ము ఆనే లోపలి పట్టాల మీద గాజును కాగితం ఉన్న వైపు లెన్స్‌కేసి ఉండేలా ఆనించండి. ఈ దిశ మారితే గాజు మందమంత తేడా వస్తుంది. కాగితం మీద తలకిందులుగా పడే బొమ్మను భూతద్దంతో చూస్తే, లెన్స్ ఇన్ఫినిటీ దగ్గర ఆగినప్పుడు దూరపు టవర్ కమ్మీలు విడివిడిగా, స్పష్టంగా కనిపించాలి. కనిపిస్తే లెన్స్‌ను నమ్మవచ్చు.

కనిపించకపోతే రేంజ్‌ఫైండర్ జోలికి అసలు వెళ్లకండి. నా మిత్రుడి ఇండస్టార్-50 లెన్స్ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ఎవరో లెన్స్ శుభ్రం చేసి తిరిగి బిగించేటప్పుడు, గాజు భాగానికీ ఫోకస్ మరలకూ మధ్య ఉండవలసిన పల్చని లోహపు రింగు వేయడం మరిచారు. ఆయన పాపం నెల రోజులు కెమెరా స్క్రూలు తిప్పుతూ కూర్చున్నారు.

లెన్స్ సరిగ్గా ఉందని తేలాక కళ్లజోడు సర్దుబాటు చూడండి. రీలు వెనక్కి చుట్టే గుబ్బ కింద ఉన్న చిన్న మీటను జరిపితే వ్యూఫైండర్ (మీరు కన్ను పెట్టి చూసే కిటికీ) మీ చూపుకు తగినట్లు మారుతుంది. దీన్ని పట్టించుకోకుండా బొమ్మలు కలపడానికి ప్రయత్నిస్తే ఎక్కడ కలిశాయో కంటికే తెలియదు.

ఇప్పుడు నేను చేసిన పొరపాటు చెబుతాను. ఇన్ఫినిటీకి గురిగా మా మేడ మీద నుంచి కనిపించే పక్కవీధి నీళ్లట్యాంకును ఎంచుకున్నాను. అది మహా అయితే 40 మీటర్ల దూరం. అంత దూరం చాలదా అనుకున్నాను. చాలదు. 38 మిల్లీమీటర్ల ఎడమున్న రెండు కిటికీల నుంచి 40 మీటర్ల దూరంలోని వస్తువును చూస్తే ఆ రెండు చూపుల మధ్య కోణం సుమారు 3.3 నిమిషాలు (నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) ఉంటుంది. మామూలు కన్ను ఒక నిమిషం తేడాను పసిగట్టగలదు. అంటే నేను 40 మీటర్లను ఇన్ఫినిటీ అని కెమెరాకు నేర్పించాను. ఫలితంగా 3 మీటర్ల దూరంలో కుర్చీలో కూర్చున్న అమ్మ ముఖం మీద బొమ్మలు కలిపినప్పుడు లెన్స్ సుమారు 3.24 మీటర్ల దగ్గర నిలిచింది. మా కెమెరాకున్న జూపిటర్-8 లెన్స్‌ను ఎఫ్ 2 దగ్గర పూర్తిగా తెరిచి తీసిన ఆ ఫోటోల్లో అమ్మ కళ్లు మెత్తబడిపోయి, వెనకనున్న కిటికీ ఊచల మీది తుప్పు మాత్రం లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చింది. లెన్స్‌ను బాగా మూసి ఎఫ్ 8 దగ్గర తీసినవి బాగానే ఉండడంతో తప్పెక్కడుందో తెలుసుకోవడానికి మరికొంత కాలం పట్టింది.

కాబట్టి గురి కనీసం ఒక కిలోమీటరు దూరంలో ఉండాలి. పగలైతే సెల్ టవర్ కొన, గుడి గోపురం మీది కలశం వంటి సన్నని, నిటారైన వస్తువులు మంచివి. అన్నిటికంటే నాకు నచ్చినది చందమామ. పౌర్ణమినాటి నిండు చంద్రుడి కంటే తదియ, చవితినాటి వంక మేలు. దాని కొమ్ములు రెండూ రెండుగా చీలి కనిపిస్తే తేడా ఎటువైపు ఎంత ఉందో వెంటనే తెలుస్తుంది. కెమెరాను ట్రైపాడ్ మీద బిగించడం మరవకండి, చేత్తో పట్టుకుని ఈ పని చేయలేరు.

చాలామంది ముందు పక్క తేడాను సరిచేసి, ఆ తరువాత నిలువు తేడా వైపు వెళ్తారు. నేను అందుకు విరుద్ధంగా చేయమంటాను, కారణం ఉంది. నిలువు తేడాను సరిచేయడానికి గుండ్రని చిన్న కిటికీ చుట్టూ ఉన్న రింగును విప్పాలి. అది మరలతో బిగించి ఉంటుంది. లోహపు పనిముట్టు జారితే గీతలు పడతాయి గనుక నేను రబ్బరు బిరడా ఆనించి తిప్పుతాను. లోపలి గాజు మామూలు గాజు కాదు, ఒక అంచు మందంగా, మరొక అంచు పల్చగా ఉండే పట్టకం. దాన్ని తిప్పితే రెండవ బొమ్మ నిట్టనిలువుగా కదలదు, చిన్న వలయం మీద తిరుగుతుంది. అంటే నిలువు తేడా పోయేసరికి పక్క తేడా కొత్తగా పుడుతుంది. ముందు పక్కది సరిచేసి ఉంటే ఆ శ్రమంతా వృథా. వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ కంటితో చూసుకుంటూ, రెండు వంకల కొమ్ములు ఒకే ఎత్తుకు వచ్చాక ఆపండి.

పక్క తేడాకు ఆ గుండ్రని కిటికీ పక్కనే ముందువైపు ఒక చిన్న స్క్రూ కనిపిస్తుంది. అది మూత మాత్రమే. దాన్ని తీసి పోకుండా ఒక గిన్నెలో వేసుకుంటే, ఆ రంధ్రం లోపల అసలు సర్దుబాటు స్క్రూ ఉంటుంది. లెన్స్‌ను ఇన్ఫినిటీ దగ్గర పూర్తిగా ఆనించి, లోపలి స్క్రూను మెల్లగా తిప్పుతుంటే రెండవ చంద్రుడు జరిగి జరిగి మొదటివాడిలో కలిసిపోతాడు. బిగుసుకుపోయి ఉంటే బలం ఉపయోగించకండి. తల అరిగిపోతే అప్పుడు నిజంగానే పైమూత విప్పవలసి వస్తుంది.

తరువాత దగ్గరి దూరం. జూపిటర్-8 కనీస దూరం 1 మీటరు. లెన్స్ మీది దూరాలను ఫిల్ము ఉండే తలం నుంచి లెక్కిస్తారు కాబట్టి టేపును కెమెరా ముందుభాగం నుంచి కాక ఫిల్ము ఉండే చోటు నుంచి పట్టాలి. గోడ మీది క్యాలెండర్ అంచును సరిగ్గా 1 మీటరు దూరంలో ఉంచి బొమ్మలు కలపండి. రింగు కూడా 1 దగ్గరే ఆగితే మీ పని అయిపోయినట్లే, చాలా కెమెరాల్లో అలాగే ఆగుతుంది. ఆగకపోతే కెమెరా నోట్లోని లోహపు చేతి చివరనున్న వాలును కొద్దిగా తిప్పవలసి ఉంటుంది. ఆ మార్పు ఇన్ఫినిటీని మళ్లీ కదిలిస్తుంది, ఇన్ఫినిటీ సరిచేస్తే 1 మీటరు కాస్త మారుతుంది. మా కెమెరాకు ఈ రెండింటి మధ్య నాలుగుసార్లు తిరిగాను. మొదటిసారి చేసేవారు దీన్ని అనుభవజ్ఞులకు వదిలేయడం మంచిది.

చివరగా ఒక రీలు పరీక్షకు కేటాయించండి. స్టీలు స్కేలును బల్ల మీద కెమెరాకు ఏటవాలుగా పెట్టి, 1 మీటరు దూరంలో దాని మధ్య అంకె మీద బొమ్మలు కలిపి, ఎఫ్ 2 దగ్గర తీయండి. ఆ దూరంలో స్పష్టంగా పడే లోతు మొత్తం సుమారు 4.5 సెంటీమీటర్లే కాబట్టి తేడా ఏమాత్రం ఉన్నా స్కేలు మీది అంకెలే చూపిస్తాయి. నెగటివ్ చూసి తృప్తి కలిగాకే లోపలి స్క్రూ అంచున ఒక చుక్క గోళ్లరంగు పెట్టి, గిన్నెలో దాచిన మూత స్క్రూను తిరిగి బిగించండి.