పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: గర్ల్‌స్కూల్ బృందం ప్రస్థానం

బ్రిటిష్ హెవీ మెటల్ (గిటార్ల హోరుతో బిగ్గరగా సాగే రాక్ సంగీతం) తొలినాళ్ల గురించి కిందటి సంచికలో వ్యాసం వచ్చిన తరువాత, అందులో ప్రస్తావనకు వచ్చిన గర్ల్‌స్కూల్ బృందం గురించి వివరంగా చెప్పమని కోరుతూ పలువురు పాఠకులు ఉత్తరాలు రాశారు. ఒకే తీరు ప్రశ్నలను కలిపి, ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ బృందానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: గర్ల్‌స్కూల్‌లో అందరూ స్త్రీలేనని చదివాను. ఎవరైనా సంగీత వ్యాపారి వారిని ఏరి కూర్చి బృందంగా తయారుచేశాడా, లేక వారు తమంతట తామే కలిశారా?

జవాబు: తమంతట తామే కలిశారు. దక్షిణ లండన్‌లోని వాండ్స్‌వర్త్‌కు చెందిన కిమ్ మెకాలిఫ్, ఈనిడ్ విలియమ్స్ బడినాటి స్నేహితురాళ్లు. వీరిద్దరూ 1975లో పెయింటెడ్ లేడీ అనే పేరుతో ఒక బృందాన్ని మొదలుపెట్టి, కిమ్ రిథమ్ గిటార్, ఈనిడ్ బేస్ గిటార్ వాయిస్తూ, ఇతరుల రాక్ పాటలను పబ్బుల్లో పాడేవారు. తమతో కలిసి వాయించడానికి మగపిల్లలెవరూ ముందుకు రాకపోవడం వల్లనే బృందమంతా అమ్మాయిలతో నిండిందని కిమ్ తరువాతి కాలంలో చెప్పారు. అంటే, అందరూ స్త్రీలే కావడం వారు ముందుగా వేసుకున్న పథకం కాదు. వాయించాలన్న పట్టుదలే వారిని ఒకచోట చేర్చింది.

ఆ తొలి బృందంలోకి కొందరు వచ్చారు, కొందరు వెళ్లిపోయారు. అమెరికా నుంచి వచ్చి కొంతకాలం లీడ్ గిటార్ వాయించిన కేథీ వాలెంటైన్ తిరిగి వెళ్లాక అక్కడి స్త్రీల బృందం గో-గోస్‌లో చేరి పేరు తెచ్చుకున్నారు. 1978లో లీడ్ గిటారిస్టుగా కెల్లీ జాన్సన్, డ్రమ్మర్‌గా డెనిస్ డుఫోర్ట్ చేరడంతో బృందానికి అసలైన రూపం ఏర్పడింది. పాల్ మెకార్ట్నీ నడిపిన వింగ్స్ బృందం పాట ఒకదాని పేరును కొద్దిగా మార్చి గర్ల్‌స్కూల్ అని పెట్టుకున్నారు. మంచి బృందాలకు సాధారణంగా ఒక బలం ఉంటుంది, వీరికి రెండు ఉన్నాయి: కెల్లీ గిటార్, డెనిస్ డ్రమ్స్. ఈ రెండో బలం గురించి రాసినవారు తక్కువ. కింది జవాబులో ఆ సంగతి వివరంగా వస్తుంది.

ప్రశ్న: బ్రిటిష్ హెవీ మెటల్ బృందం మోటర్‌హెడ్ నాయకుడు లెమ్మీ అండ లేకపోతే గర్ల్‌స్కూల్‌ను ఎవరూ పట్టించుకునేవారు కాదని ఒక మిత్రుడు వాదిస్తున్నారు. ఇందులో నిజమెంత?

జవాబు: సగం నిజం ఉంది. మిగతా సగం ఆ బృందానికి అన్యాయం చేసే మాట కనుక కొంచెం విస్తారంగానే చెప్పాలి.

1978 చివర సిటీ రికార్డ్స్ అనే చిన్న సంస్థ ద్వారా వెలువడిన గర్ల్‌స్కూల్ మొదటి సింగిల్ (ఒకటి రెండు పాటల చిన్న రికార్డు) లెమ్మీ చెవిన పడింది. అది నచ్చి, 1979లో మోటర్‌హెడ్ తన ‘ఓవర్‌కిల్’ ఆల్బమ్ కోసం జరిపిన బ్రిటన్ పర్యటనలో ముందు వాయించే బృందంగా ఆయన వీరిని వెంటబెట్టుకువెళ్లారు. తలుపు తెరిచింది ఆయనేనన్నది నిస్సందేహం. కానీ మోటర్‌హెడ్ శ్రోతల ముందు రాత్రికి రాత్రి నిలబడి వాయించడం ఎలాంటి పరీక్షో ఆలోచించండి. వారు వచ్చింది మరొకరి కోసం, వారికి అలవాటైన వేగమూ ధ్వనీ ఆ కాలంలో మరే బృందానికీ లేనంత తీవ్రమైనవి, పైగా వేదిక మీద ఉన్నది నలుగురు అమ్మాయిలని చూడగానే వెక్కిరింపుకు సిద్ధమయ్యేవారు ఆ గుంపులో తప్పక ఉంటారు. అటువంటి శ్రోతలను ఊరూరా గెలుచుకుంటూ రావడం సిఫారసుతో అయ్యే పని కాదు.

ఆ ఏడాది చివర మోటర్‌హెడ్ పాటలు విడుదల చేస్తున్న బ్రాంజ్ రికార్డ్స్ సంస్థే వీరితోనూ ఒప్పందం కుదుర్చుకుంది. విక్ మైల్ నిర్మాణంలో 1980 జూన్‌లో వచ్చిన తొలి ఆల్బమ్ ‘డిమాలిషన్’ బ్రిటిష్ ఆల్బమ్ అమ్మకాల జాబితాలో 28వ స్థానానికి చేరింది. విక్ మైల్ అదే ఏడాది మోటర్‌హెడ్‌కు ‘ఏస్ ఆఫ్ స్పేడ్స్’ చేసిన నిర్మాత. వేదిక మీద వినిపించే మోటుదనాన్ని చదును చేయకుండా, అదే సమయంలో ఒక్కొక్క వాద్యమూ విడిగా తెలిసేలా రికార్డు చేయడంలో ఆయన ఆరితేరినవారు. గర్ల్‌స్కూల్ అదృష్టం గురించి మాట్లాడేవారు లెమ్మీ పేరు చెబుతారు గానీ, నా దృష్టిలో విక్ మైల్ దొరకడం అంతకన్నా పెద్ద అదృష్టం.

ఇక 1981 ఫిబ్రవరిలో రెండు బృందాలూ కలిసి ‘సెయింట్ వాలెంటైన్స్ డే మాసకర్’ పేరుతో మూడు పాటల రికార్డు విడుదల చేశాయి. అందులో జానీ కిడ్ అండ్ ద పైరేట్స్ పాత పాట ‘ప్లీజ్ డోంట్ టచ్’ను కలిసి వాయించారు. మిగిలిన రెండింటిలో గర్ల్‌స్కూల్ మోటర్‌హెడ్ పాట ‘బాంబర్’ను, మోటర్‌హెడ్ గర్ల్‌స్కూల్ పాట ‘ఎమర్జెన్సీ’ని ఎత్తుకున్నాయి. ఆ సమయానికి మోటర్‌హెడ్ డ్రమ్మర్ ఫిల్ టేలర్ మెడకు గాయమై వాయించలేని స్థితిలో ఉండడంతో డ్రమ్స్ బాధ్యత డెనిస్ డుఫోర్ట్ మీద పడింది. మోటర్‌హెడ్ పేరు మీద వచ్చిన ‘ఎమర్జెన్సీ’ వింటున్నప్పుడు మనకు వినిపించే డ్రమ్స్ కూడా ఆమెవే. లోకంలోకెల్లా మోత మోగించే బృందంగా పేరుపడిన మోటర్‌హెడ్ పాటను వెనక నుంచి తోసుకుపోతున్నది గర్ల్‌స్కూల్ డ్రమ్మర్ అన్న సంగతి తెలియకుండా వింటే ఎవరికీ అనుమానం కూడా రాదు. మీ మిత్రునికి ఈ ఒక్క పాట వినిపించండి. ఆ రికార్డు సింగిల్స్ జాబితాలో 5వ స్థానానికి చేరింది, హెడ్‌గర్ల్ అనే ఉమ్మడి పేరుతో రెండు బృందాలూ బీబీసీ ‘టాప్ ఆఫ్ ద పాప్స్’ కార్యక్రమంలో కనిపించాయి.

అది కలిసి సాధించిన విజయం. కానీ రెండు నెలలకే, 1981 ఏప్రిల్‌లో, గర్ల్‌స్కూల్ సొంత ఆల్బమ్ ‘హిట్ అండ్ రన్’ కూడా ఆల్బమ్ జాబితాలో 5వ స్థానం అందుకుంది. ఆ ఏడాది ఆగస్టులో జరిగిన రెడింగ్ ఉత్సవంలో శుక్రవారం రాత్రి చివరి ప్రధాన కచేరీ వారిదే. రెండేళ్ల కిందట మరొకరికి ముందు వాయించిన బృందం బ్రిటన్‌లోని అతి పెద్ద రాక్ ఉత్సవాల్లో ఒకదానిలో ఒక రోజంతటికీ పతాక కచేరీ ఇచ్చే స్థాయికి వచ్చింది. దీన్ని అండ అనే ఒక్క మాటతో కొట్టిపారేయలేము.

ప్రశ్న: అంత ఎత్తుకు వెళ్లినవారు తరువాత ఎందుకు వెనకబడ్డారు? స్త్రీలు కనుక అవకాశాలు ఇవ్వలేదనుకోవచ్చునా?

జవాబు: వివక్ష లేదని ఎవరూ అనలేరు, పత్రికలు వారి సంగీతం కన్నా వారి రూపం గురించి ఎక్కువ రాసిన మాట వాస్తవం. అయితే 1982 తరువాత జరిగినదానికి అంతకన్నా దగ్గరి కారణాలున్నాయి.

మొదటిది అలసట. మూడేళ్లుగా కచేరీ, రికార్డింగు, మళ్లీ కచేరీ అన్నట్టు సాగిన జీవితంలో విరామమే లేదు. కోపెన్‌హాగన్‌లో వేదిక మీద కిమ్‌కు మైకు నుంచి తీవ్రమైన విద్యుదాఘాతం తగిలింది. 1982 తొలినాళ్లలో ఈనిడ్ బృందం వదిలారు. ఆమె స్థానంలో జిల్ వెస్టన్ వచ్చాక విడుదలైన ‘స్క్రీమింగ్ బ్లూ మర్డర్’ 27వ స్థానం వద్ద ఆగింది. అది చెడ్డ ఆల్బమ్ కాదు గానీ ‘హిట్ అండ్ రన్’లోని ఊపు అందులో లేదు. ఈనిడ్ గొంతు బృందానికి దూరం కావడం వల్ల కలిగిన లోటును ఆనాటి సమీక్షకులకన్నా శ్రోతలే ముందు గుర్తించారని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ బృందంలో పాట ఒక్కరి సొత్తు కాదు, గొంతులు మారుతూ ఉండడమే దాని అందం.

రెండో కారణం అమెరికా. ఆ సంవత్సరాల్లో హార్డ్ రాక్‌కు డబ్బున్న విపణి అదే. 1983లో బ్రిటిష్ బృందం డెఫ్ లెపర్డ్ ఆల్బమ్ ‘పైరోమేనియా’ అక్కడ సాధించిన అమ్మకాలు చూశాక, బ్రిటిష్ బృందాలన్నిటి మీదా నునుపైన ధ్వని కోసం ఒత్తిడి పెరిగింది. గర్ల్‌స్కూల్ తమ నాలుగో ఆల్బమ్ ‘ప్లే డర్టీ’కి స్లేడ్ బృందానికి చెందిన నాడీ హోల్డర్, జిమ్ లీలను నిర్మాతలుగా తీసుకున్నారు. వారు సమర్థులే, పల్లవులు కట్టడంలో దిట్టలు. కానీ పొరలు పొరలుగా పేర్చిన గొంతులు, కీబోర్డులు, మెరుగుపెట్టిన డ్రమ్స్ మధ్య గిటార్ల మోటుదనం మునిగిపోయింది. బ్రిటన్‌లో అది 66వ స్థానంతో సరిపెట్టుకుంది, అమెరికాలోనూ ఆశించిన ఫలితం రాలేదు. పాత శ్రోతలు దూరమయ్యారు, కొత్తవారు రాలేదు. 1984లో కెల్లీ బృందం వదిలి లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయారు, బ్రాంజ్ సంస్థ ఆర్థికంగా కుదేలైంది.

ఆ తరువాత ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్ బొనాచి లీడ్ గిటారిస్టుగా, జాకీ బోడిమెడ్ గాయనిగా చేరి 1985లో ‘రన్నింగ్ వైల్డ్’ తెచ్చారు. అది కూడా అమెరికా దారిలో నడిచిన ప్రయత్నమే, నిలబడలేదు. 1986లో మళ్లీ విక్ మైల్ వద్దకే వెళ్లి ‘నైట్‌మేర్ ఎట్ మేపుల్ క్రాస్’ చేశారు. పోయిన శ్రోతలందరూ తిరిగి రాకపోయినా పోయిన ధ్వని చాలావరకు తిరిగి వచ్చింది. అమెరికా శైలి స్త్రీల బృందాలకు అచ్చిరాదని దీనివల్ల అనుకోకూడదు. అదే శైలిని మొదటినుంచీ తమదిగా చేసుకున్న అమెరికా స్త్రీల బృందం విక్సెన్ 1988లో ‘ఎడ్జ్ ఆఫ్ ఎ బ్రోకెన్ హార్ట్’ పాటతో అమెరికా జాబితాలో 26వ స్థానానికి చేరింది. గర్ల్‌స్కూల్ నష్టపోయినది తమది కాని ధ్వనిని అరువు తెచ్చుకున్నందువల్ల.

ప్రశ్న: అందరూ స్త్రీలే ఉన్న మొదటి రాక్ బృందం ఇదేనా?

జవాబు: కాదు. ఫిలిప్పీన్స్‌లో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగిన జూన్, జీన్ మిల్లింగ్టన్ అక్కాచెల్లెళ్లు నడిపిన ఫ్యానీ బృందం 1970లోనే రిప్రైజ్ వంటి పెద్ద సంస్థ ద్వారా ఆల్బమ్ విడుదల చేసింది. ఆ బృందం గురించి విడిగా ఒక శీర్షికే రాయవలసి ఉంది. 1975 నుంచి 1979 వరకు లాస్ ఏంజెలెస్ కేంద్రంగా వాయించిన రనవేస్ రెండో పెద్ద పేరు. తరువాత సొంతంగా పేరు తెచ్చుకున్న జోన్ జెట్, లీటా ఫోర్డ్ ఆ బృందంలోనివారే. ఈ రెండూ కొద్ది సంవత్సరాల్లోనే విడిపోయాయి. గర్ల్‌స్కూల్ మధ్యలో కొంత విరామం తీసుకున్నా విడిపోలేదు, 2023లో తమ నలభై అయిదేళ్ల ప్రయాణానికి గుర్తుగా కొత్త ఆల్బమ్ విడుదల చేసింది. కిమ్ మొదటినుంచీ ఆ బృందంలోనే ఉన్నారు.

ప్రశ్న: కెల్లీ జాన్సన్ తరువాత ఏమయ్యారు? ఆమె గిటార్ నాకు ప్రాణం.

జవాబు: ఆమె 1993లో తిరిగి బృందంలో చేరి కొన్నేళ్లు వాయించారు. ఆ తరువాత ఆమె స్థానంలో జాకీ ఛేంబర్స్ వచ్చారు, 2000 ప్రాంతంలో ఈనిడ్ కూడా తిరిగి వచ్చి చాలా ఏళ్లు కొనసాగారు. కెల్లీ వెన్నెముక క్యాన్సర్‌తో దీర్ఘకాలం పోరాడి 2007 జూలై 15న, 49 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మరుసటి ఏడాది బృందం విడుదల చేసిన ‘లెగసీ’ ఆల్బమ్ ఆమెకు నివాళి. అందులో లెమ్మీ, మోటర్‌హెడ్ పాత గిటారిస్టు ఫాస్ట్ ఎడ్డీ క్లార్క్‌లతో పాటు హెవీ మెటల్ గాయకుడు రానీ జేమ్స్ డియో, బ్లాక్ సబ్బాత్ బృందం గిటారిస్టు టోనీ అయోమీ వంటివారు కూడా పాలుపంచుకున్నారు.

ఆమె వాయిద్యంలో గొప్పతనం వేగంలో లేదు. 1968లో గన్ బృందం ప్రసిద్ధం చేసిన ‘రేస్ విత్ ద డెవిల్’ను ‘డిమాలిషన్’లో ఆమె ఎలా పట్టుకున్నారో గమనించండి: తీగను సాగదీసి స్వరాన్ని పైకి లాగి, అక్కడ నిలబెట్టి, శ్రోత ఇక చాలనుకునే క్షణానికి వదులుతారు. ఆ కాలపు లీడ్ గిటారిస్టుల్లో చాలామంది ఖాళీ కనిపిస్తే స్వరాలతో నింపేవారు. ఆమె ఖాళీని ఖాళీగానే ఉంచగలిగారు.

ప్రశ్న: ఇంతవరకు వీరి పాట ఒక్కటీ వినలేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: ‘హిట్ అండ్ రన్’ ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి వరుసగా వినండి. మొదటిసారి గొంతులను, రెండోసారి డ్రమ్స్‌ను మాత్రమే గమనిస్తూ వింటే, పాట వేగం పెరిగినట్టు అనిపించిన చోట నిజానికి వేగం పెరగలేదని, డెనిస్ దెబ్బల బరువు మాత్రమే మారిందని తెలుస్తుంది. తరువాత ‘డిమాలిషన్’, ఆపైన మోటర్‌హెడ్‌తో కలిసి చేసిన మూడు పాటలు. ‘ప్లే డర్టీ’ని ఆ మూడింటి తరువాతే వినమని నా సలహా, అప్పుడు నిర్మాతలు ఏమి చేర్చారో, ఏమి తీసివేశారో మీ చెవికే తెలిసిపోతుంది. ‘లెగసీ’ని ఎప్పుడైనా వినవచ్చు.