రేడియేషన్, రేడియోధార్మికత ఒకటేనా?

సందేహం: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా కొబ్బరితోట పక్కనుంచి గ్యాస్ పైపులైను వేస్తున్నారు. రాత్రిళ్ళు తాడు కట్టి ‘రేడియోధార్మిక ప్రాంతం’ అని బోర్డు పెడుతున్నారు. పైపు అతుకులకు ఎక్స్‌రే తీస్తారట. పైపుకి రేడియేషన్ పట్టుకుందని ఊళ్ళో ఒకటే టెన్షన్. ఈ రెండు మాటలూ ఒకటేనా? అసలు ఇందులో ధార్మికత ఏముందండీ?

సమాధానం: ఒకటి కావండీ. మీ ఊరివాళ్ళ భయంలో సగం ఈ రెండూ కలిసిపోవడం వల్ల వచ్చిందే.

ముందు ధార్మికత సంగతి. ధర్మం అనగానే మనకు దానధర్మాలు గుర్తొస్తాయి. కానీ దానికి స్వభావం, గుణం అనే అర్థం కూడా ఉంది. కాల్చడం నిప్పు ధర్మం, పల్లానికి పారడం నీటి ధర్మం. వర్షం నుంచి వార్షికం వచ్చినట్టే ధర్మం నుంచి ధార్మికం వచ్చింది. ‘రేడియో’ ఇక్కడ పాటలు వినే రేడియో కాదు, కిరణం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టింది. తనంతట తానుగా కిరణాలు వెలువరించే గుణం రేడియోధార్మికత. యురేనియంలో ఈ గుణాన్ని బెకరెల్ 1896లో గమనిస్తే, 1898లో క్యూరీ దంపతులు పేరు పెట్టారు. పత్రికలు అణుధార్మికత అని కూడా రాస్తాయి. నాకది నచ్చదు. మన సైన్సు పుస్తకాల్లో అణువు వేరు, పరమాణువు వేరు. ఈ గుణం పరమాణువు నడిమధ్యనున్న కేంద్రకానిది.

ఇక రేడియేషన్. దీనికి పుస్తకాల మాట వికిరణం. వెదజల్లడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి వచ్చింది. కిరణం, ప్రకీర్ణం కూడా ఆ ధాతువు బిడ్డలే. దమ్ము చేసిన చేలో మొలక విత్తనం వెదజల్లే మీకు వేరే చెప్పాలా? విత్తనాలున్న గంప రేడియోధార్మిక పదార్థం, చేతిలోంచి ఎగిరే గింజలు వికిరణం. పోలిక అంతవరకే. గింజ చేలో పడి మిగులుతుంది, ఎక్స్‌రే లాంటిదే అయిన గామా కిరణం మిగలదు.

మీ ఊరి గందరగోళమంతా ఇక్కడే ఉంది. అతుకు లోపల పగులో గాలిబుడగో ఉందేమో చూడటానికి ఎక్కువగా ఇరిడియం-192 అనే రేడియోధార్మిక లోహం వాడతారు. ప్రతి 74 రోజులకూ దాని బలం సగానికి పడిపోతుంది. పనివాళ్ళు దాన్ని సోర్స్ అనీ, అది ఉండే బరువైన పెట్టెను కెమెరా అనీ అంటారు. సోర్స్ బయట ఉన్నంతసేపూ గామా కిరణాలు అతుకులోంచి దూసుకెళ్ళి ఫిలిం మీద పడతాయి. అప్పుడు తాడు దాటితే నిజంగా ప్రమాదం. సోర్స్‌ను తిరిగి పెట్టెలోకి లాగేశాక పైపులో ఏమీ మిగలదు. కాబట్టి పైపుకి ‘రేడియేషన్ పట్టింది’ అనడం తప్పు. ఎక్స్‌రే తీయించుకున్న మనిషికి పట్టిందంటామా? 2007లో గామా కిరణాలు సోకించి అమెరికాకు పంపిన మన మామిడిపళ్ళను కూడా రేడియోధార్మిక పళ్ళు అనకూడదు.

పట్టడం, అంటుకోవడం అనే మాటలు సరిపోయే సందర్భం వేరే ఉంది. 2010లో ఢిల్లీ మాయాపురిలో పాత ఇనుము కొనేవాళ్ళ చేతికి ఒక పరిశోధన యంత్రం వచ్చింది. అందులోని కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహాన్ని తెలియక ముక్కలు చేశారు. ఒక మనిషి చనిపోయాడు. అక్కడ చెల్లాచెదురైనది కిరణాలు కాదు, పదార్థమే. మన పోలికలో గంపే ఒలికిపోయిందన్నమాట. దారిలో తెలియని లోహపు ముక్క కనిపిస్తే ముట్టుకోవద్దని పిల్లలకు దయచేసి చెప్పండి.

మీరు చెప్పిన బోర్డు నాకు బాగా లేదు. ఆ ప్రాంతానికి రేడియోధార్మిక గుణమేమీ లేదు. పైగా మట్టికే ఏదో పట్టిందనిపిస్తుంది. ‘రేడియేషన్ వెలువడుతోంది. తాడు దాటి రావద్దు’ అని రాస్తే చాలు. రేడియేషన్ అందరికీ తెలిసిన మాటే, బోర్డు మీద దాన్ని వికిరణం చేయనక్కర్లేదు.