మద్రాసు చదువుకు వెళ్తున్న మేనకోడలికి

పాత పోస్టాఫీసు,
విశాఖపట్నం

అమ్మలూ,

ప్రభువు నామంలో నీకు శుభాలు. మామయ్య ప్రేమతో రాసేది.

మొన్న ఆదివారం గుడి నుంచి ఇంటికొచ్చేసరికి మీ అమ్మ గాజువాక నుంచి ఫోన్ చేసింది. నువ్వు మద్రాసు యూనివర్సిటీలో క్రిస్టియన్ స్టడీస్ ఎం.ఏ. చేస్తానంటున్నావని, బ్యాంకు కోచింగ్‌కి కట్టిన డబ్బు పోయినా ఫర్వాలేదన్నావని చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. "మామయ్యకి చెప్పొద్దు, ఆపేస్తాడు" అన్నావట. ఆ మాటే నాకు గుచ్చుకుంది. నేనెందుకు ఆపుతానే? ఫోన్ పెట్టేసి మీ అత్తయ్యని వంటింట్లోంచి పిలిచి మరీ చెప్పాను, మనింట్లో ఇంకొకళ్ళు కొత్త నిబంధన రాసిన గ్రీకు భాష చదవబోతున్నారని. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో కింద రాస్తాను.

ముందు చిన్న పనులు. ఆంధ్రా యూనివర్సిటీలో మైగ్రేషన్ సర్టిఫికెట్‌కి ఇప్పుడే అప్లై చెయ్యి, చివర్లో టెన్షన్ పడొద్దు. అన్ని కాగితాలూ మూడేసి జిరాక్సులు తీయించు. హాస్టల్ సంగతి ముందే కనుక్కో. క్యాంపస్ మెరీనా ఎదురుగానే ఉంటుంది, సాయంత్రమైతే స్నేహితులు నీళ్ళలోకి దిగుదాం అంటారు. నువ్వు దిగొద్దు. సముద్రం పక్కన పుట్టినదాన్ని, నాకు తెలుసులే అనకు. ఆర్కే బీచ్‌లో మునిగిపోయినవాళ్ళలో చాలామంది అలా అనుకున్నవాళ్ళే. ఈ ఒక్క విషయంలో నాకు మాటివ్వు.

నేను చదివింది సెమినరీలో. నువ్వు వెళ్ళేది యూనివర్సిటీకి. ఈ తేడా మీ నాన్నకి కూడా చెప్పు, ఆయన నువ్వు పాస్టరువి అవుతావేమోనని కంగారు పడుతున్నాడు. సెమినరీలో మా క్లాసంతా సంఘసేవకి సిద్ధపడుతున్నవాళ్ళమే, పొద్దున్నే ప్రార్థనతో రోజు మొదలయ్యేది. యూనివర్సిటీలో నీ పక్కన ఒక సిస్టర్ కూర్చోవచ్చు, ఒక హిందూ అబ్బాయి కూర్చోవచ్చు, ఏ దేవుణ్ణీ నమ్మనివాళ్ళూ కూర్చోవచ్చు. అక్కడ క్రీ.శ. 325లో నికయాలో బిషప్పులు ఎందుకు సమావేశమయ్యారో, 451లో కల్కెదోనులో క్రీస్తు స్వభావం గురించి ఏ మాట మీద గొడవ పడ్డారో చరిత్రగా చదువుతావు. "నేను నమ్ముతున్నాను" అన్నది అక్కడ జవాబు కాదు. మొదటి నెల కాళ్ళ కింద నేల కదిలినట్టు ఉంటుంది. భయపడకు. ఆ నెలలో మాత్రం ప్రార్థన మానకు, మాటలు రాకపోతే ఊరికే కూర్చో.

గ్రీకుకి అసలు భయపడకు. ఇరవై నాలుగు అక్షరాలు, వారంలో వచ్చేస్తాయి. ఇంగ్లీషు మీడియం పిల్లలు నామవాచకాల రూపాల దగ్గర తల పట్టుకుంటారు, మనకి ఆ ఇబ్బంది తక్కువ. రాముడు, రాముణ్ణి, రాముడికి, రాముడి, ఓ రామా అని చిన్నప్పుడే విభక్తులు పట్టుబడ్డ నాలుక మనది. గ్రీకులోనూ పేరు చివర మారితే అర్థం మారుతుంది. రోజుకి పది మాటలు చేత్తో రాయి, ఫోన్‌లో కాదు.

ఇప్పుడు నిద్ర పట్టని సంగతి.

పోయిన క్రిస్మస్‌కి మీ ఇంట్లో అందరం భోజనానికి కూర్చున్నాం. మీ అమ్మ పశువుల పాక బొమ్మ కట్టి, ముగ్గురు జ్ఞానుల్ని నిలబెట్టి, అందరికీ చూపిస్తోంది. నువ్వు అన్నావు, "జ్ఞానులు ముగ్గురని బైబిల్లో ఎక్కడుందమ్మా? మత్తయి లెక్క చెప్పలేదు." నిజమే, చెప్పలేదు. కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురనుకున్నారు. నువ్వు తప్పు చెప్పలేదు. కానీ నేను ఆ క్షణంలో నీవైపు చూడలేదు, మీ అమ్మవైపు చూశాను. ఆమె చెయ్యి ఆ మూడో బొమ్మ మీద అలాగే ఆగిపోయింది. నాకు 1977 మే నెల కళ్ళ ముందుకొచ్చింది.

సెమినరీలో మొదటి ఏడు ముగించి సెలవులకు ఇంటికొచ్చాను. మా నాన్నగారు, అంటే మీ తాతయ్య, పోర్టులో గుమాస్తా, మా సంఘంలో పెద్ద. కొడుకు చదువుకుని వచ్చాడని ఆయనకి ఎంత సంబరమో. పాస్టరుగారిని అడిగి ఆదివారం నేను వాక్యం చెప్పేలా ఏర్పాటు చేశారు. నేను మార్కు సువార్త చివరి అధ్యాయం ఎంచుకున్నాను. కారణం చెబుతాను. ఆ ఏడాది మా ప్రొఫెసరుగారు ఒక రోజు పెద్ద ఫోటోలు తెచ్చి క్లాసులో చూపించారు. సినాయి కొండ కింది మఠంలో దొరికిన నాలుగో శతాబ్దపు గ్రీకు బైబిల్ చేతిరాత ప్రతి అది. అందులో మార్కు పదహారో అధ్యాయం ఎనిమిదో వచనంతో అయిపోయింది. స్త్రీలు సమాధి దగ్గర నుంచి పారిపోయారు, భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. అంతే. వాటికన్‌లో ఉన్న ప్రతిలోనూ అంతే. ఆఖరి మాట "గార్". మన భాషలో పెట్టాలంటే "భయపడ్డారు కదా మరి" అని ముగిసినట్టు. మన తెలుగు బైబిల్లో ఆ తరవాత వచ్చే తొమ్మిది నుంచి ఇరవై వచనాలు ఆ రెండు ప్రతుల్లోనూ లేవు. అది చూసిన రోజు నా ఒళ్ళు జలదరించింది. ఎవరికైనా చెప్పకపోతే ఆగలేననిపించింది.

చెప్పేశాను. పుల్పిట్ మీద నిలబడి, పాతిక నిమిషాలు, ప్రతుల పేర్లతో, శతాబ్దాలతో. ఈ పన్నెండు వచనాలు మార్కు రాసినవి కావు అని గట్టిగా అన్నాను. ముందు వరసలో నాన్నగారు తల వంచుకుని ఉన్నారు. వెనక వరసలో ఒక పెద్దమ్మ ఉంది. జెట్టీ దగ్గర చేపలమ్మేది. ఆమెకి అక్షరం రాదు, వాక్యాలు మాత్రం విని విని నోటికొచ్చు. పెద్దకొడుకుకి ఊపిరితిత్తుల జబ్బు, ఏడాదిగా మంచం మీద ఉన్నాడు. ఆస్పత్రి మందులు వాడుతూనే, రోజూ రాత్రి వాడి గుండె మీద చెయ్యి వేసి ఒకే ఒక్క మాట చెప్పి పడుకునేదట. "రోగులమీద చేతులుంచినప్పుడు వారు స్వస్థత నొందుదురు." అది ఎక్కడిదో నీకు తెలుసు. మార్కు పదహారు, పద్దెనిమిదో వచనం.

నాకు ఆ సంగతి తెలీదు. తెలుసుకుందామన్న ఆలోచన కూడా రాలేదు.

మర్నాడు పొద్దున్న పోర్టుకి వెళ్తూ నాన్నగారు గుమ్మం దగ్గర ఆగారు. "నువ్వు చెప్పింది నిజమేనా?" అన్నారు. నిజమే నాన్నగారూ అన్నాను. "మరి మిగతాది?" అన్నారు. మిగతాదేముంది అన్నాను. "నాకు తెలీదురా. ఏదో ఉండే ఉంటుంది" అని సైకిలెక్కి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

సెప్టెంబర్‌లో ఆయన దగ్గర నుంచి ఇన్లాండ్ లెటర్ వచ్చింది. ఆ అబ్బాయి ఆగస్టులో పోయాడు. నా ప్రసంగం విన్న రాత్రి నుంచి ఆ తల్లి వాడి మీద చెయ్యి వెయ్యడం మానేసిందట. "ఆ మాట బైబిల్లో లేదంట గదయ్యా, మరి నానిన్నాళ్ళూ ఎవరి మాట పట్టుకుని కూకున్నాను?" అని నాన్నగారిని అడిగిందట. ఆయన జవాబు చెప్పలేక, ఆ రోజు నుంచి ఆఖరి రోజు దాకా సాయంత్రం డ్యూటీ దిగి వాళ్ళింటికి వెళ్ళి, తన చెయ్యి ఆ అబ్బాయి గుండె మీద పెట్టి కూర్చునేవారట. ఇదంతా నాలుగు లైన్లలో రాశారు. నన్నొక్క మాట అనలేదు. చెయ్యి వేస్తే ఆ అబ్బాయి బతికేవాడని నేను అనడం లేదు. ఆ మూడు నెలలూ ఆ తల్లి చేతులు ఖాళీగా ఉన్నాయి. అలా చేసింది నేను.

రెండో ఏడు సంఘ చరిత్ర క్లాసులో ఐరేనియస్ వచ్చాడు. రెండో శతాబ్దంలో, ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో బిషప్పు. 180 ప్రాంతంలో రాసిన గ్రంథంలో ఆయన మార్కు పదహారు పందొమ్మిదో వచనాన్ని మార్కు మాటగానే చూపించాడు. అంటే సినాయి ప్రతి తయారు కావడానికి నూట యాభై ఏళ్ళకు పైగా ముందే సంఘం ఆ వచనాలు చదువుకుంటోంది. మార్కు స్వయంగా రాయకపోయి ఉండొచ్చు, ఎక్కువమంది పండితులు ఇప్పటికీ అదే అంటారు. కానీ ఎవరో నిన్నగాక మొన్న అతికించినవి కావు. నాన్నగారు అడిగిన మిగతాది ఇదే.

ఆ క్రిస్మస్‌కి వచ్చి పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. టీ పెట్టి ఇచ్చింది. ఐరేనియస్ సంగతి నాకు చేతనైనట్టు చెప్పాను. అంతా విని, "ఈ సగం ఆ రోజే చెప్పుంటే బాగుండేది నాయినా" అంది. కోపంగా కాదు. తరవాత నా తల మీద చెయ్యి పెట్టి బాగా చదువుకో అంది. నాకు డెబ్భై ఏళ్ళొచ్చాయి అమ్మలూ, ఆ చెయ్యి బరువు ఇంకా తెలుస్తోంది.

కాబట్టి నా దగ్గర మొహమాటం లేకుండా విను. మోషే ఐదు పుస్తకాల మీద, ఆదికాండం మొదటి రెండు అధ్యాయాల తేడా మీద, మొదటి మూడు సువార్తలు ఒకదాన్నుంచి ఒకటి ఎలా తీసుకున్నాయన్న దాని మీద నీకు కొత్త సంగతులు చెబుతారు. చాలావరకు నిజాలు. నాకు రాయి, రాత్రి పన్నెండింటికైనా ఫోన్ చెయ్యి, ఇద్దరం వాదించుకుందాం. మొదటి ఏడాది మాత్రం ఇంటికొచ్చి మీ అమ్మ ముందు, సంఘం ముందు చెప్పొద్దు. దాచమనడం లేదు. ఏది చెబుతున్నావో పూర్తిగా తెలిశాక, ఎవరికి చెబుతున్నావో వాళ్ళ ఇల్లు చూసి వచ్చాక చెప్పు.

ఇంకో సంగతి. పరిశోధన దాకా వెళ్తే అంశం కోసం ఎక్కడెక్కడికో చూడకు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజ్ వచ్చి దిగింది మన ఊళ్ళోనే. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు పక్కన కూర్చుని సాయం చేస్తే సువార్తల్ని తెలుగు చెయ్యడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్, 1810లో డెస్‌గ్రాంజ్ చనిపోయారు. వాళ్ళ మత్తయి, మార్కు, లూకా 1812లో బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. చిన్నప్పుడు నాన్నగారు నన్ను సైకిల్ మీద కోట వీధి వైపు తిప్పుతూ ఈ కథ చెప్పేవారు. ఆయన కళ్ళలో నీళ్ళు ఆనందరాయరు పేరు దగ్గరే వచ్చేవి. ఆ పేరు మీద మనవాళ్ళు ఎవరైనా గట్టిగా పని చెయ్యాలి. యోహాను సువార్తలో "లోగోస్" అన్నదానికి మనవాళ్ళు "వాక్యము" అన్నారు. బళ్ళో వాక్యమంటే వేరు, గుడిలో వాక్యమంటే వేరు. ఉపనిషత్తుల్లో ఉన్న "ఆత్మ"నే తెచ్చి పరిశుద్ధాత్మకి పెట్టారు. ఆ మాటలు మన ఇళ్ళలోకి వచ్చి ఏమయ్యాయి? నువ్వు చదవగలవు. లండన్ మిషన్ కాగితాలు లండన్‌లో సోయాస్ లైబ్రరీలో ఉన్నాయి, బెంగుళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో కూడా మంచి ఆర్కైవ్స్ ఉంది.

ఉద్యోగం గురించి అబద్ధం చెప్పను. అవకాశాలు తక్కువ. కాలేజీ లెక్చరర్ ఉద్యోగాలకి రాసే నెట్ పరీక్షలో కంపారిటివ్ స్టడీ ఆఫ్ రెలిజియన్స్ అనే సబ్జెక్టు ఉంది, మొదటి రోజు నుంచే దాని సిలబస్ పక్కన పెట్టుకో. మీ నాన్నతో నేను మాట్లాడతాను, అది నాకు వదిలెయ్యి.

శనివారం ఇంటికి రా. నా గ్రీకు కొత్త నిబంధన నీకిస్తాను. మార్కు ఆఖరి పేజీ దగ్గర ఆ ఇన్లాండ్ లెటర్ ఉంటుంది, అందులోనే ఉంచు.

వెళ్ళేలోపు ఒక పని చెయ్యి. మీ అమ్మ బైబిల్ నిండా ఎర్ర పెన్సిలు గీతలున్నాయి, చూసే ఉంటావు. ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని ఏ గీత ఎప్పుడు గీసిందో అడుగు. యెషయాలో ఒక వచనం పక్కన నువ్వు పుట్టిన నెల వేసి ఉంటుంది. ఎందుకో నాకు తెలుసు, కానీ నేను చెప్పను. ఆమెనే అడుగు.

ప్రేమతో,
మామయ్య