కథలో తమ్ముడికి చోటు

ప్రశ్న: మా కళాశాల సంచిక కోసం, వందేళ్ల తరువాతి తిరుపతిని ఊహిస్తూ ఒక సైన్స్ కథ రాశాను. పుట్టుకతో వినికిడి లేని మా తమ్ముడే కథానాయకుడు. చెవి వెనుక చిప్ అమర్చగానే అతనికి అందరిలాగే వినబడుతుంది. కథ చదివి, "ఇందులో నేను లేనక్కా" అని సైగ చేసి కాగితాలు తిరిగి ఇచ్చేశాడు. నా పొరపాటు ఎక్కడ ఉంది?
– డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీరు ప్రేమతోనే రాశారు, అందులో సందేహం లేదు. అయితే మీ కథలో వందేళ్లు గడిచినా ఊరు మారలేదు, మారింది మీ తమ్ముడొక్కడే. అతని మనసు నొచ్చుకున్నది అక్కడేనని నాకు అనిపిస్తోంది. అంగవైకల్యం ఉన్నవారు ఒక్కరూ కనిపించని భవిష్యత్తును గొప్పగా చూపించే కథలు చాలానే వచ్చాయి. వాటిని చదివే బధిరునికి, రేపటి లోకంలో నీకు చోటు లేదన్న మాటే వినబడినట్టు ఉంటుంది.

హెచ్.జి. వెల్స్ 1904లో రాసిన 'ది కంట్రీ ఆఫ్ ది బ్లైండ్' కథ చదవండి. ఆండీస్ పర్వతాల నడుమ, బయటి లోకంతో సంబంధం తెగిపోయిన ఒక లోయలో తరతరాలుగా ఎవరికీ చూపు లేదు. అక్కడికి జారిపడిన న్యూనెజ్, చూపున్నవాణ్ణి కాబట్టి తానే రాజునవుతానని అనుకుంటాడు. కానీ ఆ ఇళ్లకు కిటికీలు ఉండవు, ఏ దారి ఏదో అంచురాళ్ల మీద చెక్కిన గుర్తే చెబుతుంది, వెచ్చని పగలు నిద్రపోయి చల్లని రాత్రి పనులు చేసుకుంటారు. చీకటి గదిలో తట్టుకుని పడేది చూపున్న న్యూనెజే. చివరకు అక్కడి వైద్యుడు, ఇతని జబ్బంతా కళ్లలోనే ఉందని, వాటిని తీసేస్తే బుద్ధి కుదుటపడుతుందని తేల్చేస్తాడు. మీ చిప్‌ను ఆ వైద్యుని మాట పక్కన పెట్టి చూడండి.

నిజంగా జరిగినదీ ఒకటి ఉంది. 1950ల చివర్లో అమెరికా నౌకాదళమూ నాసా కలిసి, భారరహిత స్థితిని అర్థం చేసుకోవడానికి గాలౌడెట్ బధిరుల కళాశాల నుంచి 11 మందిని ఎంచుకున్నాయి. లోపలి చెవిలో శరీర సమతుల్యాన్ని తెలిపే భాగం దెబ్బతిన్నందువల్ల, ఎంత ఊపినా వారికి కడుపులో తిప్పదు. నోవా స్కోషియా దగ్గర అల్లకల్లోలంగా ఉన్న సముద్రంలో ఓడ ఊగిపోతుంటే వారు నిశ్చింతగా పేకాడుకుంటున్నారు. వారిని పరిశీలించవలసిన శాస్త్రవేత్తలే వాంతులతో కూలబడటంతో ప్రయోగం ఆపేయవలసి వచ్చింది.

శ్రీహరికోట ఇప్పుడు మీ జిల్లాలోనే ఉంది. శూన్యంలో శబ్దం ప్రయాణించదు కాబట్టి, రేడియో పాడైతే వ్యోమగాములకు మిగిలేది సైగలే. అవి నేర్పే గురువుగా మీ తమ్ముణ్ణి ఊహించండి. అంత దూరం పోకపోయినా, బస్టాండు చాలు. బస్సు వేరే ప్లాట్‌ఫాంకు మారిందని మైకులో చెప్పగానే జనమంతా సంచులు ఎత్తుకుని పరుగెత్తుతుంటే, అతనొక్కడే ఖాళీ బెంచీ ముందు నిలబడిపోయే ఘడియను మీరు చూసే ఉంటారు. మీ కథలో మారవలసింది ఆ బస్టాండు. చిప్ కోరుకునే వారూ ఉంటారు, అది వారి ఇష్టం. కాబట్టి దాన్ని తీసేయనక్కరలేదు, కావాలో వద్దో పాత్రనే చెప్పనివ్వండి.

తిరగరాసేటప్పుడు తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి. కొండకు వెళ్లే బస్సు వచ్చిందని కండక్టరు ఏ సైగతో చెప్పాలో మీకంటే అతనికే బాగా తెలుసు.