పాత సిజేరియన్ కుట్టులో గర్భం: డీ అండ్ సీకి ముందు ఇంకో స్కాన్ చేయించండి

మొదటి కాన్పు సిజేరియన్, ఇప్పుడు ఏడో వారం, స్కాన్‌లో పిండం ఉండే సంచి బాగా కిందికి ఉంది, అబార్షన్ అవుతోంది, డీ అండ్ సీ (గర్భసంచి లోపల గీకి శుభ్రం చేయడం) చేసేద్దాం అని డాక్టర్ అన్నారని మీరు రాశారు. ఒప్పుకునే ముందు కింది నుంచి చేసే స్కాన్ ఇంకోచోట చేయించండి. నాకూ అచ్చం ఇలాగే చెప్పి మర్నాడు పరగడుపున రమ్మన్నారు. నర్సుగా చేసే మా అక్క పట్టుబట్టి వేరే డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లింది.

ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత స్క్రీన్ నావైపు తిప్పారు. గర్భసంచి లోపల ఖాళీ, గర్భద్వారం ఖాళీ. చిక్కుడు గింజంత నల్ల చుక్క, అంటే పిండం సంచి, మాత్రం పాత కుట్టులో ఇరుక్కుని ఉంది. దానికీ మూత్రాశయానికీ మధ్య కండ 2 మిల్లీమీటర్లే. స్కాన్ చేసే ప్రోబ్‌తో మెల్లగా నొక్కినా కదల్లేదు. జారిపోతున్న అబార్షన్ అయితే కదిలేదట. రక్తం పారడాన్ని రంగుల్లో చూపించే కలర్ డాప్లర్‌ స్కాన్‌లో చుట్టూ ఎర్రగా, నీలంగా రక్తం పారుతోంది. అక్కడ చూడకుండా గీకితే రక్తం ఆగక గర్భసంచే తీసేయాల్సి రావచ్చట. నాకు నొప్పి కూడా లేదు, కాసిని మరకలు తప్ప.

ఇది అరుదే. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, కాబట్టి మన దగ్గర దీన్ని గుర్తుపెట్టుకుని వెతకాలి.

నాకు స్కాన్‌లో చూస్తూ పిండం సంచిలోకే సూదితో మెథోట్రెక్సేట్ అనే, గర్భం పెరగకుండా ఆపే మందు ఎక్కించారు. మొదటి వారం బీటా హెచ్‌సీజీ (రక్తంలో కొలిచే గర్భం హార్మోను) తగ్గకపోగా పెరిగింది, ఏడ్చేశాను. అలా జరుగుతుందట. 5 కంటే కిందికి రావడానికి తొమ్మిది వారాలు పట్టింది. ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఈ మందుకి అడ్డు, ఆపేయమన్నారు. మా అత్తయ్యేమో బలానికని రోజూ పళ్లెం పక్కన పెట్టేసేది! కొందరికి స్కాన్‌లో చూస్తూ సక్షన్ చేస్తారు, అంటే గొట్టంతో పీల్చి తీస్తారు, కొందరికి లాపరోస్కోపీలో తీసి కుట్టు సరిచేస్తారు. మామూలు ఇంజెక్షన్‌లా ఒంటి కండకి ఇచ్చే మెథోట్రెక్సేట్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని మా డాక్టర్ గట్టిగా చెప్పారు.

రిపోర్టులో సంచి కుట్టు దగ్గరుందా, మూత్రాశయం వైపు కండ ఎంత, గుండె చప్పుడు ఉందా అన్నవి అడిగి రాయించుకోండి. మీ బ్లడ్ గ్రూపు నెగెటివ్ అయితే ఆ మాట ముందే చెప్పండి. ఈలోపు రక్తం ఎక్కువగా పోయినా, కళ్లు తిరిగినా స్కాన్ కోసం ఆగకండి, బ్లడ్ బ్యాంకు ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లిపోండి.