పాత జట్టు పిలిచింది సరే, ఏ పనికి పిలిచింది?

ప్రశ్న: మా అబ్బాయికి 34 ఏళ్లు. భారత హాకీ జట్టుకు డిఫెండర్‌గా ఆడాడు. హాకీ ఇండియా లీగ్‌లో ఒక జట్టుకు కెప్టెన్‌గా కూడా ఉన్నాడు. మోకాలి గాయం వల్ల గత ఏడాది ఆటకు వీడ్కోలు చెప్పాడు. ఇప్పుడు అదే లీగ్ జట్టు యాజమాన్యం ‘టీమ్ డైరెక్టర్’గా రమ్మంటోంది. అతనికి స్పోర్ట్స్ కోటాలో వచ్చిన ప్రభుత్వ రంగ ఉద్యోగం ఉంది. దాన్ని వదిలి వెళ్లవచ్చా? లేక ముందు స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ చేయించాలా? ఈ మూడు దారులనూ పోల్చి చెప్పగలరు. – ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. నాలుగు పేజీల్లో మూడు పేజీలు మీ అబ్బాయి పతకాల గురించి, అతనితో ఫొటోలు దిగిన పెద్దల గురించి రాశారు. చివరి పేజీ అడుగున మాత్రం ‘రోజంతా గదిలోనే ఉంటున్నాడు, పాత మ్యాచ్‌లు కూడా చూడటం లేదు’ అని ఒక్క వాక్యం రాశారు. మీరు అడిగిన మూడు దారుల కంటే ఆ వాక్యమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఆట ముగించిన క్రీడాకారుల తల్లిదండ్రులు నాకు రాసే ఉత్తరాలన్నింటిలోనూ ఏదో ఒక మూల ఇలాంటి వాక్యం ఉంటుంది. ఉద్యోగం పేరుతో వారు అడిగేది, మా బిడ్డ మళ్లీ మనుషుల్లో పడతాడా అని.

పడతాడు. ముందు ఆ సంగతిలో మీరు ధైర్యంగా ఉండండి. పదేళ్ల వయసు నుంచి తెల్లవారుజామున లేచి టర్ఫ్ మీదకు పరుగెత్తిన మనిషికి, ఏ రోజు ఏం చేయాలో, ఏం తినాలో కూడా ఇతరులే నిర్ణయించిన మనిషికి, అదంతా ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు కొన్ని నెలలు శూన్యంగా గడవడం సహజం. అది సోమరితనం కాదు, ఓటమీ కాదు. నిద్ర, తిండి బాగా దెబ్బతింటే మాత్రం మానసిక వైద్యుడిని కలవడానికి సంకోచించకండి. మోకాలికి వైద్యం చేయించినట్టే ఇదీ.

ఇక జట్టు పిలుపు సంగతి. ఈ లీగ్ 2013లో మొదలై 2017 దాకా నడిచింది, తరువాత ఏళ్ల తరబడి ఆగిపోయి 2024 డిసెంబరు చివర్లో మళ్లీ మొదలైంది. ఆ సీజన్ దాదాపు ఐదు వారాల్లో ముగిసింది. కాబట్టి ‘టీమ్ డైరెక్టర్’ అనే మాట వినగానే పొంగిపోకుండా, మిగిలిన నలభై ఏడు వారాలు ఆ డైరెక్టర్ ఏం చేస్తాడో, ఆ వారాలకు జీతం ఎవరిస్తారో అడగాలి. ఏడాది పొడవునా యువ ఆటగాళ్లను వెతకడం, అకాడమీని చూసుకోవడం, కోచ్‌లను ఎంపిక చేయడం, ఆటగాళ్లను కొనే వేలానికి సిద్ధం కావడం వంటి పనులు ఉన్నాయంటే అది నిజమైన ఉద్యోగం. స్పాన్సర్ల విందులో ముందు వరుసలో కూర్చోవడం, జెర్సీ ఆవిష్కరణ రోజున వేదిక ఎక్కడమే పనంటే వారికి కావలసింది అతని ముఖం మాత్రమే.

మాజీ తారలు సొంత జట్టు యాజమాన్యంలో చేరడం ఉత్తర అమెరికా ఐస్ హాకీలో చాలాకాలంగా ఉన్న అలవాటు. మన హాకీ వేరు, ఆ ఆట వేరు. అయినా మీ అబ్బాయి ముందున్న చిక్కు మాత్రం అదే కాబట్టి ఆ అనుభవం పనికొస్తుంది. స్టీవ్ ఐజర్‌మన్ 1986 నుంచి 2006 వరకు డెట్రాయిట్ రెడ్ వింగ్స్‌కు కెప్టెన్. రిటైరైన ఏడాదే అక్కడి యాజమాన్యంలో చేరినా జట్టు పగ్గాలు వెంటనే చేతికి రాలేదు. నాలుగేళ్లు మరొకరి కింద పని నేర్చుకుని, 2010లో తనను కెప్టెన్‌గా ఎరగని టాంపా బే జట్టుకు జనరల్ మేనేజర్‌గా, అంటే ఆటగాళ్లను ఎంచి జట్టును కూర్చే అధికారిగా వెళ్లాడు. అక్కడ అతను కూర్చిన జట్టు 2015లో ఫైనల్ ఆడింది, అతను వెళ్లిపోయాక 2020, 2021లలో ఆ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. అంత అనుభవంతో 2019లో డెట్రాయిట్‌కు జనరల్ మేనేజర్‌గా తిరిగి వచ్చినా, 2025 నాటికి ఆ జట్టు ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కు, అంటే కప్పు కోసం జరిగే చివరి దశ పోటీలకు చేరలేదు. పరాయి ఊళ్లో కప్పు గెలిచే జట్టును కట్టిన మనిషికి సొంత ఊళ్లో పని ఇంత కష్టమైందంటే, నేరుగా సొంత జట్టు కుర్చీలో కూర్చోబోయేవాడు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

కొలరాడో జట్టు మాజీ కెప్టెన్ జో సాకిక్ 2009లో ఆట మానేసి, రెండేళ్ల తరువాత అదే జట్టులో సలహాదారుగా చేరి, మెల్లగా పైకి వచ్చాడు. అతని హయాంలోనే 2016-17 సీజన్‌లో జట్టు 82 మ్యాచ్‌లలో 48 పాయింట్లు మాత్రమే తెచ్చుకుని లీగ్‌లో అట్టడుగున నిలిచింది. యాజమాన్యం ఓపిక పట్టింది. 2022లో అదే జట్టు స్టాన్లీ కప్ గెలిచింది. వాంకూవర్ అభిమానులు గుండెల్లో పెట్టుకున్న ట్రెవర్ లిండెన్‌కు యాజమాన్య అనుభవం ఏమీ లేకుండానే 2014లో నేరుగా అధ్యక్ష పదవి దక్కింది, నాలుగేళ్లకే అది ముగిసింది. ఆ ఆటలో అందరికంటే గొప్పవాడని పేరున్న వేన్ గ్రెట్‌జ్‌కీ ఫీనిక్స్ జట్టుకు కోచ్‌గా ఉన్న నాలుగు సీజన్లలో ఒక్కసారీ ప్లేఆఫ్స్ చూడలేదు. బంతినో, ఐస్ హాకీలో బంతికి బదులు వాడే పక్ అనే బిళ్లనో చూసి మెరుపులా నిర్ణయం తీసుకునే నేర్పు, మూడేళ్ల తరువాత ఎవరు పనికొస్తారో ఊహించే నేర్పు రెండూ ఒకే మనిషిలో ఉండాలని లేదు.

మన దగ్గర గోల్‌కీపర్ పి.ఆర్. శ్రీజేష్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి ఆట ముగించాక జూనియర్ జట్టు కోచ్ బాధ్యత తీసుకున్నాడు. అంత పేరున్నవాడు కుర్రాళ్ల దగ్గర మొదలుపెట్టడం నాకు చాలా నచ్చింది. భారత జట్టు మాజీ కెప్టెన్ దిలీప్ తిర్కీ 2010లో రిటైరై, హాకీ ఇండియా అధ్యక్షుడయ్యేసరికి 2022 వచ్చింది. నడుమ ఆయన రాజ్యసభ సభ్యుడిగా పనిచేశాడు, ఒడిశాలో హాకీ అభివృద్ధి బాధ్యతలూ చూశాడు.

పేరు ఉన్నవాడికి తలుపు తీస్తారు, అంతవరకే. లోపల పని ఎలా ఉంటుందో ఒక మాజీ ఆటగాడు నాకు చెప్పిన సంగతి ఇది. తాను ఆడిన జట్టుకే అతను సహాయ మేనేజరుగా చేరాడు. జట్టులో 24 మందికే చోటు. రాత్రి పదకొండు గంటలకు హోటల్ గదిలో కూర్చుని, అతనూ కోచ్ కలిసి జాబితా రాసుకున్నారు. ఇరవై అయిదో పేరు ఆరేళ్లు తనతో ఒకే గదిలో ఉన్న స్నేహితుడిది. ఆ పేరు కొట్టేసి, మళ్లీ రాసి, మళ్లీ కొట్టేశాడు. తెల్లవారాక స్వయంగా ఫోన్ చేయలేక ఆఫీసు కుర్రాడితో కబురు పంపించాడు. జట్టులోంచి తీసేసినందుకు కాదు, నువ్వే చెప్పనందుకు నీతో మాట్లాడనని ఆ స్నేహితుడు తెగేసి చెప్పాడట. ఈ సంగతి చెబుతున్నంతసేపూ అతను తన ఫోన్‌ను బల్ల మీద బోర్లించి, దాని మీద చేయి పెట్టుకునే కూర్చున్నాడు. పాత జట్టుకు వెళ్లడంలో ప్రేమ ఎంత ఉంటుందో ఈ బాధ కూడా అంతే ఉంటుంది. పరాయి జట్టులో అది కొంత తక్కువ.

వేలం బల్ల దగ్గరా అంతే. 2024 వేలంలో పురుషుల జట్టు ఒక్కోదానికి 4 కోట్ల రూపాయలు ఖర్చు పెట్టే వీలుండగా అప్పటి భారత జట్టు కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్ ఒక్కడే 78 లక్షలకు, అంటే దాదాపు ఐదో వంతు సొమ్ముకు అమ్ముడుపోయాడు. అటువంటి ఆటగాడి కోసం ఎంతవరకు చెయ్యెత్తాలి, ఎక్కడ దించాలి, మిగిలిన డబ్బుతో ఇరవై మూడు మందిని ఎలా తేవాలి అన్నవి క్షణాల్లో తేల్చవలసిన విషయాలు. ఈ లెక్కలు మీ అబ్బాయికి ఉత్సాహం కలిగిస్తాయా, విసుగు పుట్టిస్తాయా అన్నది అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

ఎంబీఏ గురించి అడిగారు. ప్రవేశ పరీక్షల వివరాలు మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కోర్సుల మీద ఇప్పుడున్న మోజు గురించి నాకు గట్టి సందేహాలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం స్పాన్సర్‌షిప్, ప్రచారం, ఈవెంట్ల నిర్వహణ చుట్టూ తిరుగుతాయి. మన దేశంలో క్రికెట్ బయట జట్లకు పూర్తికాలం మేనేజర్లను పెట్టుకునే సంస్థలు కొద్ది. చదువు ముగిసిన పిల్లలు టికెట్ల కౌంటర్ల దగ్గర, టోర్నమెంటు ముగిస్తే ముగిసిపోయే తాత్కాలిక పనుల్లో కనిపిస్తుంటారు. కరపత్రం మీద ఆటగాళ్ల బొమ్మలు చూసి ఫీజు కట్టకండి. రెండేళ్ల క్రితం చదువు ముగించిన వారిలో ఐదుగురితో మాట్లాడాకే నిర్ణయించండి. మీ అబ్బాయికి లేనివల్లా బడ్జెట్ చదవడం, కాంట్రాక్టు అర్థం చేసుకోవడం, తన అభిప్రాయాన్ని రెండు పేజీల్లో రాయడం. వాటికి రెండేళ్లు, లక్షల రూపాయలు అక్కర్లేదు. ఉద్యోగంలో ఉంటూనే ఒక చిన్న కోర్సుతో, ఓపికగా నేర్పే మంచి అకౌంటెంటు సాయంతో నేర్చుకోవచ్చు.

ఇప్పుడు మీకు కొంచెం కటువుగా అనిపించే మాట చెప్పాలి. ‘మా అబ్బాయి ఇంకొకరి కింద సహాయకుడిగా పనిచేస్తే నలుగురిలో తలెత్తుకోలేం’ అని రాశారు. అయ్యా, ఆ మాట మీరు రాయకుండా ఉండవలసింది. ఐజర్‌మన్ నాలుగేళ్లు చేసిన పని అదే. ఇరవై ఏళ్లు దేశం కోసం దెబ్బలు తిన్న బిడ్డ ఇప్పుడు మీ గౌరవం కోసం కూడా ఆడాలా? అతను గదిలోంచి బయటికి రాకపోవడానికి మోకాలు ఒక్కటే కారణమని మీరనుకుంటున్నారు. బయట మీరు ఎదురుచూసేది మనిషి కోసమా, పతకం కోసమా అన్న సందేహం అతనికి వచ్చి ఉంటుందని నా భయం. మీ మీద కోపంతో అంటున్న మాట కాదు, మీ ఇద్దరి మేలూ కోరి అంటున్నాను.

పోలుస్తానని మొదలుపెట్టి ఎటో వెళ్లాననిపిస్తే, నా మొగ్గు సూటిగానే చెబుతాను. ఉద్యోగానికి ఇప్పుడే రాజీనామా వద్దు. సంస్థను లిఖితపూర్వకంగా అడిగి, జీతం లేని సెలవు మీద గానీ అనుమతి పత్రంతో గానీ ఒక సీజన్ పనిచేసే వీలుందేమో తెలుసుకోండి. ముందస్తు అనుమతి లేకుండా బయట జీతం తీసుకోవడం సర్వీసు నిబంధనలకు విరుద్ధం, ఆ పొరపాటు చేయకండి. జట్టుతో డైరెక్టర్ పదవికి బదులు ఆటగాళ్ల ఎంపిక విభాగంలో సహాయకుడి బాధ్యత అడగమనండి. కాంట్రాక్టులో ఎన్ని నెలలకు జీతం, ఆటగాళ్ల విషయంలో చివరి మాట ఎవరిది, లీగ్ జరగకపోతే ఏమవుతుంది అన్న మూడూ అక్షరాలా రాసి ఉండాలి. రాసివ్వడానికి వెనుకాడితే, ఎంత పాత జట్టయినా, ఎంత ప్రేమగా పిలిచినా వెళ్లవద్దు. కోచింగ్ వైపు మనసుంటే ఆ దారి వేరే ఉంది, దాని గురించి విడిగా మాట్లాడుకుందాం.

ఇంతకీ మీ నాలుగు పేజీల్లో మీ అబ్బాయి మాట ఒక్కటీ లేదు. మరో ఉత్తరం రాయవలసి వస్తే దయచేసి మీరు రాయకండి, అతన్ని రాయమనండి. ఆ ఇరవై అయిదో పేరు తన స్నేహితుడిదైతే ఫోన్ తానే చేస్తాడా, చేస్తే ఏమని చెబుతాడు అన్నది మాత్రం అందులో తప్పకుండా రాయమనండి.