సులేమాన్‌కు యూరప్‌లో ఒక పేరు, తుర్కీలో ఇంకో పేరు ఎందుకు?

ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్‌ను యూరప్ వాళ్లు ‘మాగ్నిఫిసెంట్’ (మహా వైభవశాలి) అంటే, తుర్కులు ‘కానూనీ’ అని ఎందుకంటారని అడిగారు. ఇస్తాంబుల్ వెళ్లినప్పుడు నాకూ ఇదే సందేహం వచ్చింది. సులేమానియే మసీదు ఆవరణలో, ఆయన సమాధి దగ్గర ఒక పెద్దాయన నోట ‘కానూనీ’ అన్న మాట వినగానే మా నిజామాబాద్ తాత గుర్తొచ్చాడు. ఆయన చట్టాన్ని ఎప్పుడూ కానూన్ అనేవాడు. అదే మాట.

యూరప్ రాయబారుల కళ్లకు కనబడింది వైభవం. సులేమాన్ దాన్ని కావాలనే చూపించాడు కూడా. 1532 దండయాత్రలో వెనిస్ కంసాలులు చేసిన నాలుగు అంచెల కిరీటాన్ని ఆస్ట్రియాను ఏలే హాబ్స్‌బర్గ్ వంశపు రాయబారుల ముందు ప్రదర్శించాడు. ఒట్టోమన్ సుల్తానులు తలపాగా చుట్టుకుంటారు గానీ కిరీటం పెట్టుకోరు. పోప్ కిరీటానికి మూడే అంచెలు. అది ఎవరి కోసం చేయించిందో వేరే చెప్పాలా?

ఊళ్లో రైతుకు ఆ కిరీటంతో పనిలేదు. శిస్తు ఎంత, ఏ తప్పుకు ఎంత జరిమానా అన్నది రాతలో ఉంటే చాలు. అలాంటి కానూన్లు అంతకుముందూ ఉన్నాయి. వాటిని షరియత్‌తో పొసిగేలా కుదర్చడంలో షేఖుల్ ఇస్లాం, అంటే సామ్రాజ్యపు పెద్ద మతాధికారి అయిన ఎబుస్సూద్ కష్టం చాలా ఉంది. పేరు మాత్రం సుల్తానుకు దక్కింది. అది కూడా ఆయన పోయిన చాలా కాలానికి స్థిరపడింది.

నన్ను బాగా కదిలించింది బుర్సా నగరంలోని ఒక సమాధి. 1553లో సులేమాన్ తన కొడుకు ముస్తఫాను గుడారంలోకి పిలిపించి, గొంతు బిగించి చంపించాడు. సుల్తాను సొంత కాల్బలమైన జానిసరీ సైనికులకు ముస్తఫా అంటే ప్రాణం. కవులు శోకగీతాలు రాశారు. అయినా 46 ఏళ్ల పాలన, బెల్‌గ్రేడ్, మొహాచ్ విజయాల ముందు ఆ రక్తపు మరక వెనకబడిపోయింది.

తర్వాత గద్దెనెక్కిన రెండో సెలీంకు మాత్రం ‘తాగుబోతు’ అన్న పేరే మిగిలింది. సైప్రస్ ఆయన హయాంలోనే చేతికొచ్చింది. ఎదిర్నే నగరంలో వాస్తుశిల్పి సినాన్ కట్టిన గొప్ప మసీదూ ఆయనదే. కానీ తండ్రిలా తాను సైన్యం ముందు నడవలేదు కాబట్టి గెలుపులు సేనానుల ఖాతాలోకి పోయాయి. ఇది అన్యాయమనే నా అభిప్రాయం.

బుర్సాలో ముస్తఫా సమాధి లోపల గోడలకు ఇజ్నిక్ నీలి పలకలు పొదిగి ఉన్నాయి. సవతి అన్న చనిపోయిన ఇరవై ఏళ్లకు ఆ కట్టడాన్ని కట్టించింది ఈ సెలీమే. అది తెలిశాక ఆయన్ని తాగుబోతు సెలీం అనడానికి నాకు నోరు రావడం లేదు.